మొదటి గుక్క నీళ్లకు ముందే పరీక్ష జరగాలి: ఆరోగ్యశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆరోగ్యశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను స్పీచ్ థెరపిస్టుని. పక్షవాతం వచ్చినవాళ్లకు పోయిన మాట తెప్పించడమే మా పని అని చాలామంది అనుకుంటారు. అంతకంటే ముందు మేం చూడాల్సింది, వాళ్లు మింగగలుగుతున్నారా లేదా అని.

పక్షవాతం (స్ట్రోక్) వచ్చిన తొలి రోజుల్లో దాదాపు సగం మందికి మింగడం కష్టమవుతుంది. తిన్నది, తాగింది గాలిగొట్టంలోకి జారితే న్యుమోనియా వస్తుంది. స్ట్రోక్ నుంచి గట్టెక్కిన మనిషి దాంతో ప్రాణం పోగొట్టుకోవచ్చు. "పొలమారలేదండీ, బాగానే తాగారు" అని ఇంట్లోవాళ్లు ధైర్యంగా చెబుతుంటే నాకు టెన్షన్ మొదలవుతుంది. గొంతులో స్పర్శ తగ్గినవాళ్లకు నీళ్లు ఊపిరితిత్తుల్లోకి వెళ్లినా దగ్గే రాకపోవచ్చు. స్పూనుతో కొన్ని నీళ్లిచ్చి, గొంతుముడి మీద వేళ్లు ఆనించి చూస్తాం. మింగడం దెబ్బతిన్నవాళ్లలో అది పైకి లేవడానికి తటపటాయిస్తుంది. తర్వాత "ఆ" అనమంటే గొంతు తడితడిగా, గరగరమంటూ వస్తుంది. ఇలాంటి గుర్తులు కనిపెట్టడం నర్సులకు నేర్పవచ్చు. అనుమానం మిగిలితే ఎక్స్‌రే వీడియోతోనో, ముక్కులోంచి పంపే సన్నటి కెమెరాతోనో తేల్చుకోవాలి.

ఇక మెదడు స్కాన్ సంగతి. రక్తనాళం మూసుకుపోయిందా, చిట్లిందా అని చూడటానికి స్కాన్ ఎలాగూ తీస్తారు. దెబ్బ ఎక్కడ తగిలిందో చూస్తే మింగడం గురించి కూడా కొంత తెలుస్తుంది. మెదడు కాండం అడుగున ఉండే మెడుల్లాలో దెబ్బ చిన్నదైనా మింగడం పూర్తిగా ఆగిపోవచ్చు, ఎందుకంటే గుటకను నడిపించే నాడీకేంద్రాలు అక్కడే ఉన్నాయి. పైన మెదడులో మింగడాన్ని నడిపించే భాగాలు రెండు వైపులా ఉన్నాయి, కానీ చాలామందిలో ఒకవైపు పెత్తనం ఎక్కువ. 1990లలో ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో పరిశోధకుడు షహీన్ హమ్దీ బృందం, తల బయటి నుంచి అయస్కాంతంతో మెదడును ప్రేరేపించే పద్ధతిలో ఈ సంగతి చూపించింది. మింగడం మళ్లీ వచ్చినవాళ్లలో దెబ్బ తగలని వైపు ఆ పనిని ఎక్కువగా అందుకుంటోందని కూడా వాళ్లే చూపించారు. రోగి పక్కన కూర్చుని గుటక గుటకకీ సాధన చేయించే మాకు ఇది ఎంత పెద్ద ఆశో చెప్పలేను. 2019లో స్విట్జర్లాండ్ పరిశోధకులు వయసు, స్ట్రోక్ తీవ్రత లాంటివాటితో పాటు స్కాన్‌లో ఫ్రంటల్ ఆపర్‌క్యులమ్ (మెదడు ముందుభాగంలోని ఒక చోటు) దెబ్బతిందా లేదా అన్నది కూడా కలిపి, ఎవరికి మింగడం ఆలస్యంగా వస్తుందో అంచనా వేసే స్కోరు తయారుచేశారు. ముక్కులోంచి ఆహారం పంపే గొట్టం ఎన్నాళ్లు ఉంచాల్సి రావచ్చని ఇంట్లోవాళ్లు అడిగినప్పుడు ఇలాంటి అంచనా చాలా అక్కరకొస్తుంది.

స్కాన్ చూసి రోగి మింగగలడో లేదో తేల్చేయమని నేను అడగడం లేదు. అది కుదరదు. మెదడు పనిచేస్తుండగా చూపించే ఎఫ్ఎమ్ఆర్ఐకీ ఇబ్బందులున్నాయి: మింగేటప్పుడు తల కదిలి బొమ్మ చెదురుతుంది, పైగా మింగలేని మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి నీళ్లివ్వడం ప్రమాదం.

నేను అడిగేది ఇదండీ. స్ట్రోక్ రోగికి మింగే పరీక్ష జరిగేదాకా నోట్లో నీళ్లు, అన్నమే కాదు, మాత్ర కూడా వేయకూడదని ఆదేశం ఇవ్వండి. రాత్రి షిఫ్టులోనూ ఆ పరీక్ష చేయగల నర్సు ఉండేలా శిక్షణ ఇప్పించండి. మింగడానికి సంబంధించిన భాగాలు దెబ్బతిన్నాయా లేదా అన్నది స్కాన్ రిపోర్టులో ఒక్క లైను రాయమనండి. ఆ లైను చదివి పనిలోకి దిగడానికి స్ట్రోక్ వార్డుల్లో థెరపిస్టు పోస్టులు మంజూరు చేయండి. వీటిలో మొదటిదానికి కొత్త యంత్రం ఏదీ కొననక్కర్లేదు, ఈ వారమే మొదలుపెట్టవచ్చు.

ఇట్లు,
స్ట్రోక్ వార్డులో పనిచేసే ఒక స్పీచ్ థెరపిస్ట్