ఎండివ్ విత్తన పొట్లంపై మన నెలలు ముద్రించాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. ఇంటిపంటల గురించి మీ పత్రిక క్రమం తప్పకుండా ప్రచురిస్తున్న వ్యాసాల ప్రభావం మా కాలనీ మిద్దెల మీద కనిపిస్తోంది. ఒకప్పుడు టమాటా, వంగ, తోటకూర, పాలకూరతో సరిపెట్టుకున్నవారు ఇప్పుడు లెట్యూస్, కేల్, ఎండివ్ వంటి సలాడ్ ఆకులను కూడా పెంచాలని ఉత్సాహపడుతున్నారు. అయితే ఎండివ్ వేసినవారిలో చాలామంది తొలి ఏడాదే విసిగి వదిలేస్తున్నారు. విత్తనం మొలవలేదని కొందరు, మొలిచినా ఆకు విషంలా చేదుగా ఉందని మరికొందరు చెబుతున్నారు. నేను గమనించినంతవరకు లోపం వారి మట్టిలోనూ లేదు, ఎరువులోనూ లేదు. పొట్లం మీద రాసి ఉన్న నెలను నమ్మి విత్తడమే ఈ నష్టానికి మూలం.

మన దుకాణాల్లోనూ ఆన్‌లైన్‌లోనూ దొరికే ఎండివ్ విత్తనాల్లో చాలావాటిపై చల్లని దేశాల విత్తే కాలాన్నే ముద్రిస్తున్నారు. ఏప్రిల్ నుంచి ఆగస్టు వరకు విత్తవచ్చన్న సూచన ఇంగ్లండులో పూర్తిగా సరైనది. లండన్‌లో జులై నెల సగటు గరిష్ఠ ఉష్ణోగ్రత 24 డిగ్రీల సెల్సియస్‌కు అటూ ఇటూగా ఉంటుంది. అదే సూచనను నమ్మి హైదరాబాదులో ఏప్రిల్, మే నెలల్లో విత్తితే విత్తనం 38, 40 డిగ్రీల ఎండలో పడుతుంది. ఎండివ్ విత్తనం మొలవడానికి 15 నుంచి 25 డిగ్రీల వేడి అనువైనది. 30 దాటితే మొలక బాగా తగ్గిపోతుంది. ఒకవేళ మొలిచినా, వేడికి మొక్క ఆకు గుబురు కట్టకముందే నడిమి నుంచి పూతకాడ పైకి లేస్తుంది. కాడ లేచిన మొక్కను తుంచి చూస్తే తెల్లని పాలు కారతాయి. చేదుకు కారణమైన పదార్థాలు ఆ పాలలోనే ఉంటాయి కనుక అప్పటి ఆకు నోట పెట్టుకోవడానికి వీలుకాదు.

మన మైదాన ప్రాంతాల్లో ఎండివ్‌కు సరైన కాలం శీతాకాలమే. హైదరాబాదులో డిసెంబరు పగళ్లు 28 డిగ్రీల దగ్గర, రాత్రులు 15 డిగ్రీల దగ్గర ఉంటాయి. పగటి పొడవు కూడా 11 గంటలకు కాస్త మాత్రమే ఎక్కువ. ఎక్కువసేపు ఉండే పగటి వెలుగు, వేడి కలిస్తే ఈ మొక్క పూతకు తొందరపడుతుంది కాబట్టి మన చలికాలపు పొట్టి పగళ్లు దానికి మేలే చేస్తాయి. అక్టోబరు రెండో పక్షంలో వర్షాలు వెనకపట్టాక నారు పోసి, నవంబరులో నాటుకుంటే జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఆకు చేతికి వస్తుంది. విత్తింది మొదలు కోతకు దాదాపు మూడు నెలలు పడుతుంది. విజయవాడ, రాజమహేంద్రవరం వంటి కోస్తా పట్టణాల్లో చలి తక్కువ కనుక అక్కడివారు నవంబరు దాకా ఆగి విత్తడం మంచిది. అరకు, లంబసింగి వైపు ఉన్నవారికి ఇంకా ఎక్కువ వెసులుబాటు ఉంటుంది.

రకం విషయంలోనూ పొట్లాలు స్పష్టత ఇవ్వడం లేదు. ఎండివ్‌లో ప్రధానంగా రెండు రకాలున్నాయి: ఆకు అంచులు సన్నగా చీలి రింగులు తిరిగే ఫ్రిజే, వెడల్పాటి ఆకులుండే ఎస్కరోల్. రెండింటిలో ఎస్కరోల్ కాస్త మొండిది, చేదూ తక్కువే. కొత్తవారు దానితో మొదలుపెట్టడమే మేలని నా అభిప్రాయం. బెల్జియన్ ఎండివ్ పేరుతో సూపర్ మార్కెట్లలో కనిపించే తెల్లని మొగ్గలు మాత్రం వేరే మొక్కవి. అవి చికోరీ వేర్లను తవ్వి, చీకటిలో మళ్లీ చిగురింపజేసి పండించినవి. మన ఫిల్టర్ కాఫీ పొడిలో కలిపేది ఆ చికోరీ జాతి మొక్క వేరునే. ఆ మొగ్గల బొమ్మను ముద్రించి లోపల ఫ్రిజే విత్తనం పెట్టిన పొట్లాన్ని నేను చూశాను. కొన్నవారు చివరిదాకా ఆ మొగ్గల కోసమే ఎదురుచూశారు.

సమయం, రకం కుదిరితే మిగిలిన సాగు కష్టం కాదు. అడుగు లోతున్న కుండీ గాని గ్రోబ్యాగు గాని చాలు. ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు కలిపి, కాసింత వేపపిండి వేసుకోవాలి. విత్తనాన్ని అర సెంటీమీటరుకు మించి లోతుగా పెట్టకూడదు. నాలుగైదు ఆకులు వచ్చిన నారును మొక్కకూ మొక్కకూ అడుగు ఎడంగా నాటాలి. నీటి విషయంలో మాత్రం అశ్రద్ధ పనికిరాదు. ఒకసారి ఎండగట్టి మరోసారి ముంచెత్తితే లోపలి లేత ఆకులకు కాల్షియం అందక వాటి అంచులు మాడిపోతాయి. పేనుబంక కనిపిస్తే లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బునీరు కలిపి సాయంత్రం పూట ఆకుల అడుగున పడేలా పిచికారీ చేయాలి.

ఎండివ్ రుచి అంతా ఆకును తెల్లబరచడంలో ఉంది. దీన్ని మాత్రం ఏ పొట్లమూ సరిగా వివరించదు. కోతకు పది పదిహేను రోజుల ముందు, మంచు పూర్తిగా ఆరిన మధ్యాహ్న వేళ, బయటి ఆకులను రెండు చేతులతో పైకి కూడదీసి, అరటినారతో వదులుగా ఒక చుట్టు కట్టాలి. లోపల తడి ఉండగా కడితే గుండె భాగం కుళ్లిపోతుంది కనుక, ఆకుల నడుమ వేలు పెట్టి చూసి, పొడిగా ఉందని నిర్ధారించుకున్నాకే కట్టు వేయాలి. ఆ తరువాత నీళ్లు మొదట్లోనే పోయాలి, ఆకుల మీద పడనీయకూడదు. వెలుగు అందని లోపలి ఆకులు క్రమంగా పచ్చదనం కోల్పోయి లేత పసుపు రంగుకు మారతాయి, వాటి ఈనెలు తెల్లబడి కరకరలాడతాయి, చేదు చాలావరకు తగ్గుతుంది. కట్టు విప్పాక ఎక్కువ రోజులు నిలవ ఉంచకుండా వాడుకోవాలి.

తెల్లని లోపలి ఆకులను నిమ్మరసం, వేయించిన పల్లీల పొడి, ఉల్లిముక్కలతో పచ్చిగా తినవచ్చు. బయటి ముదురు ఆకుల్ని పారేయనక్కరలేదు. వెల్లుల్లి తాలింపుతో పెసరపప్పులో వేస్తే, కాకరకాయ ఇష్టపడే ఇంట్లో ఆ గిన్నె తప్పక ఖాళీ అవుతుంది. పైగా కెరోటిన్ ఎక్కువగా ఉండేది ఆ ఆకుపచ్చ ఆకుల్లోనే. ఈ ఆకులో విటమిన్ కె కూడా బాగా ఉంటుంది కనుక రక్తం పలుచబడేందుకు వార్ఫరిన్ వంటి మందులు వాడేవారు ముందుగా తమ వైద్యుణ్ణి అడగాలి.

ఈ పంటకు మరో అనుకూలత ఉంది. చికోరీలా కాకుండా ఎండివ్ తన పుప్పొడితోనే గింజ కట్టగలదు. ఒకటి రెండు మొక్కలను కోయకుండా వదిలేస్తే వేసవి ముంగిట నీలిపూలు పూసి, మన వాతావరణంలోనే పండిన విత్తనాన్ని ఇస్తాయి.

కాబట్టి విత్తనాలు అమ్మేవారికి మీ పత్రిక ద్వారా చేసే విన్నపం ఇది: మొలక శాతం, పరీక్ష తేదీ ముద్రించే చోటనే, తెలుగు ప్రాంతాలలో విత్తవలసిన నెలను, లోపలున్న రకం పేరును తెలుగులో ముద్రించండి. అది వెంటనే సాధ్యం కాకపోతే ఒక చిన్న చీటీ అతికించినా చాలు. సిద్దిపేట జిల్లా ములుగులోని శ్రీ కొండా లక్ష్మణ్ ఉద్యాన విశ్వవిద్యాలయం, వెంకటరామన్నగూడెంలోని డాక్టర్ వై.ఎస్.ఆర్. ఉద్యాన విశ్వవిద్యాలయం కలిసి ఎండివ్, లెట్యూస్, కేల్ వంటి సలాడ్ ఆకులకు తెలంగాణ, రాయలసీమ, కోస్తా, ఏజెన్సీ ప్రాంతాలవారీగా విత్తే కాలాల పట్టికను రూపొందించాలని, ఏటా సెప్టెంబరులో, అంటే విత్తనం కొనే వేళకే, దాన్ని మీ ఇంటిపంట పేజీలో ప్రచురించాలని కోరుతున్నాను.

ఇట్లు,
మిద్దెతోట సాగు చేసే ఒక పాఠకురాలు,
సికింద్రాబాదు