శనివారం కథల గంట: ఏ పుస్తకం తేవాలి?

అందరికీ నమస్కారం 🙏

ఈ శనివారం సాయంత్రం 5 గంటలకు క్లబ్‌హౌస్‌లో పిల్లల కథల గంట. ఈసారి అంశం దయ, ఆప్యాయత. ఇంటికొక బొమ్మల పుస్తకం తీసుకురండి.

మూడేళ్లలోపు వాళ్లకు దళసరి అట్ట పేజీలవే తీసుకోండి, పలచటి కాగితం మొదటి రోజే చిరిగిపోతుంది. పేజీకి ఒకటి రెండు వాక్యాలు చాలు.

ముఖ్యంగా, కొనేముందు మాటల్ని చేత్తో మూసి బొమ్మలే చూడండి. ఎవరు ఏడుస్తున్నారో, ఎవరు దగ్గరికొచ్చారో ముఖాల్లోనే తెలియాలి. తన జామకాయలో సగం పక్కవాడికిచ్చే పిల్ల కనిపిస్తే చాలు. చివర్లో నీతి అప్పజెప్పే పుస్తకాలు వద్దు, పిల్లలు అక్కడే లేచిపోతారు.

దొరక్కపోతే స్టోరీవీవర్ (ప్రథమ్ బుక్స్ వాళ్ల పిల్లల కథల వెబ్‌సైట్)లో తెలుగు పుస్తకాలు ఉచితం. అన్నిటికంటే తేలికైన లెవల్ 1 చూడండి. ఫోన్‌లో కాదు, ట్యాబ్‌లో తెండి. వెనక కూర్చున్నవాళ్లకీ బొమ్మ కనపడాలి.

పుస్తకం పేరు గురువారంలోగా ఇక్కడ పెట్టండి. ఇంట్లో ఒకసారి పైకి చదివి రావడం మర్చిపోకండి.