క్లౌన్ ఫిష్ జంట మేత పట్టింది, సాయపడ్డ శ్రీకాకుళం వాళ్లందరికీ కృతజ్ఞతలు

చెన్నై నుంచి రాత్రంతా రైల్లో వచ్చిన క్లౌన్ ఫిష్ (నారింజ రంగు మీద తెల్లచారలుండే చిన్న సముద్రపు చేప) జంట ఇప్పుడు పూటకు పూట మేత తింటోంది. ఊపిరి నిదానంగా ఉంది, ఒంటి మీద చుక్క గానీ జిగురు పొర గానీ లేవు. దీని వెనక చాలామంది చెయ్యి ఉంది. వాళ్లలో సగం మంది ఈ చేపను ముందెప్పుడూ చూడలేదు. అయినా ఉప్పునీటి లెక్క, గాలి లెక్క, కరెంటు లెక్క వాళ్లకు కొట్టినపిండి. సముద్రపు చేపలు పెంచాలంటే ఏ విశాఖపట్నమో చెన్నైయో పరిగెత్తాలని అనుకుంటారు గానీ, కావలసిన పనితనం మన జిల్లాలోనే ఉంది, రొయ్యల చెరువు గట్ల మీదా ఆర్వో ప్లాంట్లలోనూ. ఎవరు ఏం చేశారో, ఎందుకలా చేశారో కొలతలతో సహా రాస్తున్నాం. రేపు ఇంకొకరికి అక్కరకొస్తుంది.

మొదటి దండం ఆక్వా ల్యాబ్ తమ్ముడికి. నీటిలో ఉప్పు కొలిచే సెలినోమీటరు సరిచూడడం దగ్గరే అతను మమ్మల్ని ఆపాడు. ఆర్వో నీటి చుక్క వేసి గీతను సున్నాకు తిప్పితే చెరువులో 10, 15 పిపిటి (వెయ్యి పాళ్ల నీటిలో ఉప్పు పాళ్లు) దగ్గర పని జరిగిపోతుంది. సముద్రపు చేపకు కావలసిన 35 దగ్గర మాత్రం ఆ మీటరే రెండు మూడు పాళ్లు తప్పు చూపించవచ్చు. అందుకని 36.5 గ్రాముల పొడి ఉప్పు, 963.5 గ్రాముల ఆర్వో నీళ్లు డిజిటల్ కాటా మీద తూచి కలిపించాడు. ఆ నీటిచుక్క మీటరులో 35 చూపాలి, చూపకపోతే మర తిప్పి 35కు తేవాలి. ఉప్పు 36.5 వేసి 35 చూపాలనడమేంటని అడగొచ్చు. మీటరు మీద గీతలు సముద్రపు నీటిని బట్టి గీసినవి. వట్టి ఉప్పునీరు వెలుగును వంచే తీరు కాస్త వేరు, ఆ తేడాకే ఈ లెక్క.

అంతకంటే పెద్ద సాయం చేపలొచ్చిన సంచి విషయంలో చేశాడు. చేపలు రాగానే సంచి విప్పి, సన్నగొట్టంతో చుక్క చుక్కగా ట్యాంకు నీళ్లు గంటసేపు కలపడం అందరికీ తెలిసిన పద్ధతి. విశాఖపట్నంలో కొని రెండు మూడు గంటల్లో ఇంటికి తెచ్చిన చేపకు అది మంచిదే. రాత్రంతా సంచిలో ప్రయాణించిన చేపకు అదే ప్రాణాంతకం. సంచిలో చేప వదిలిన అమ్మోనియా పేరుకుని ఉంటుంది, దాని ఊపిరి వల్ల కార్బన్ డయాక్సైడ్ కూడా పెరిగి పిహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) 7కో ఇంకా కిందికో దిగి ఉంటుంది. పిహెచ్ 7 దగ్గర ఆ అమ్మోనియాలో విషరూపంలో ఉండేది నూటికి ఒక పాలు కూడా కాదు. సంచి విప్పి గాలి తగిలితే కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోతుంది. పైగా 8.2 పిహెచ్ ఉన్న ట్యాంకు నీళ్లు చుక్కలుగా పడుతుంటాయి. పిహెచ్ ఎక్కే కొద్దీ విషరూపం ఏడెనిమిది పాళ్లకు చేరుతుంది. అంటే రాత్రంతా బతికిన చేపను మనం గంటలో విషంలో నానబెట్టినట్టు. చెరువులకు గాలి కొట్టే ఏరియేటర్లు ఆగిన రాత్రులు చూసినవాడు కాబట్టి అమ్మోనియా అంటే ఏమిటో అతనికి మనం చెప్పక్కర్లేదు.

దీనికి విరుగుడు సంచి రాకముందే మొదలవ్వాలి. సంచిలో ఉప్పు ఎంత పెడుతున్నారో అమ్మేవాళ్లను ముందే అడగాలి. చాలా చోట్ల పరాన్నజీవుల బెడద తగ్గించడానికి 25 నుంచి 28 పిపిటి మధ్య ఉంచుతారు. మాకు వచ్చిన సంచి నీళ్లు 27. అమ్మినవాళ్లు ముందే చెప్పారు కాబట్టి విడిగా పెట్టిన 40 లీటర్ల టబ్బులో నీళ్లు 27కే సిద్ధంగా ఉన్నాయి. మూతి విప్పకుండా సంచిని ఆ టబ్బులో 20 నిమిషాలు తేలనిచ్చాం, వేడి సమానం కావడానికి. తర్వాత కోసి, మీటరుతో చూసుకుని, చేపను గిన్నెతో ఎత్తి టబ్బులోకి వదిలేశాం. వల వాడలేదు, ఎందుకంటే దీని మొప్పరేకు అంచున ఉండే సన్నని ముళ్లు వలలో చిక్కుకుంటాయి. గిన్నెలో వచ్చిన కాసిని తప్ప సంచి నీళ్లు టబ్బులో పొయ్యకూడదు. ఆ తర్వాత రోజుకు 1 పిపిటి చొప్పున పెంచుకుంటూ వెళ్లాలి, తొందరైతే 2, అంతకు మించి వద్దు. ఉప్పు తగ్గితే సముద్రపు చేప ఓర్చుకుంటుంది. ఒక్కసారిగా పెరిగితే ఒంట్లో నీరు మొప్పల గుండా బయటికి పోయి లోపల ఎండిపోతుంది. ఆ దెబ్బ వెంటనే కనబడదు, రెండు మూడు రోజులకు చేప పోయాక కారణం ఎక్కడ వెతకాలో తెలియదు.

ఆర్వో ప్లాంట్ మావయ్యకు నమస్కారాలు. తాగే నీళ్లకు రుచి కోసం ప్లాంట్లలో శుద్ధి చేసిన నీటిలో కొంత పచ్చినీరు కలుపుతారు. మాకోసం ఆ కలిపే పైపు కట్టేసి, మెంబ్రేన్ నుంచి నేరుగా వచ్చే నీటిని టిన్నుల్లో పట్టించి, నీటిలో కరిగిన లవణాలు చూపే టీడీఎస్ మీటరు ముంచి చూపించి మరీ పంపాడు. 20 లీటర్ల టిన్నుకు సముద్రపు చేపల అక్వేరియం ఉప్పు సుమారు 750 గ్రాములు పడుతుంది. ముందు నీళ్లు పోసి, తర్వాత ఉప్పు వేసి, చిన్న పంపుతో ఒక రాత్రి తిప్పాలి. ఉప్పు మీద నీళ్లు పోస్తే కాల్షియం తెల్లగా అడుగున పేరుకుపోతుంది, మళ్లీ కరగదు. వంటుప్పుతో పని జరగదు, అందులో సోడియం క్లోరైడ్ తప్ప చేపకు కావలసిన మెగ్నీషియం, కాల్షియం ఉండవు.

సముద్రం పక్కనే ఉండగా ఉప్పు కొనడమెందుకని చాలామంది అన్నారు. న్యాయమైన ప్రశ్నే. కళింగపట్నం పడవల వాళ్లు టిన్నులు తీసుకెళ్లి, అలలు విరిగే చోటు దాటాక నీళ్లు ముంచి తెచ్చిపెట్టారు, రేవు దగ్గరి నీళ్లు వద్దని వాళ్లే అన్నారు. అక్కడ వంశధార మొగ ఉంది, వరద రోజుల్లో ఒడ్డున ముంచితే సగం ఏటి నీళ్లే. అక్టోబరు, నవంబరు నెలల్లో అయితే మొగకు దూరంగా వెళ్లినా లాభం లేదు. ఉత్తరం నుంచి నదుల నీరు తీరం పొడవునా దక్షిణానికి దిగుతుంది, పై నీరు 30 పిపిటి లోపుకు పడిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో 34 దాకా ఉంటుంది. తక్కువ వచ్చిన నీటికి లీటరుకు ఒక్కో పిపిటికి గ్రాము పైచిలుకు ఉప్పు కలుపుకోవచ్చు. 28 ఉన్న 100 లీటర్లను 35కు తేవాలంటే సుమారు 750 గ్రాములు. నీళ్లను గుడ్డతో వడగట్టి, మూతపెట్టి చీకట్లో రెండు వారాలు ఉంచాకే వాడాలి. మా మట్టుకు మేం ఆ నీటిని టబ్బులో వాడలేదు, పెద్ద ట్యాంకులో రాళ్లు నానబెట్టడానికే వాడాం. కొత్త చేప ఉన్న నీటిలో తెలియని క్రిములకు చోటివ్వడం ఎందుకు?

రాళ్ల మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. ‘లైవ్ రాక్’ పేరుతో పగడపు ముక్కలు అమ్మజూపేవాళ్లుంటారు. గట్టి పగడాలు వన్యప్రాణి రక్షణ చట్టం కింద రక్షిత జాబితాలో ఉన్నాయి, ఇంట్లో పెట్టుకుంటే కేసు. పింగాణీ రాళ్లు చాలు. వాటి మీద అమ్మోనియాను విరిచే బాక్టీరియా స్థిరపడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. 2 పిపిఎం (పది లక్షల పాళ్లకు రెండు పాళ్లు) అమ్మోనియా వేస్తే 24 గంటల్లో అమ్మోనియా, దాని నుంచి పుట్టే నైట్రైట్ రెండూ సున్నాకు రావాలి. రానంతవరకు చేపను ఆర్డరు చెయ్యకూడదు.

కుమ్మరి పెద్దాయనకు కూడా ఇక్కడే కృతజ్ఞతలు. రంగు వెయ్యని, మెరుగు పెట్టని చిన్న ముంతలు రెండు ఇచ్చి డబ్బు తీసుకోలేదు. ముంతను పక్కకు పడుకోబెడితే క్లౌన్ ఫిష్‌కు ఇల్లు దొరికినట్టే. దీనికి సీ అనిమోన్ (సముద్రంలో రాళ్లకు అతుక్కుని పువ్వులా కనబడే జీవి) ఉండి తీరాలన్నది అపోహ. హేచరీలో పుట్టిన పిల్లలు తరతరాలుగా అనిమోన్ ముఖమే చూసి ఉండవు. అనిమోన్‌కు బలమైన లైటు, నెలల తరబడి నిలకడగా ఉన్న నీళ్లు కావాలి. కొత్త ట్యాంకులో అది చచ్చిందంటే నీళ్లతోపాటు చేపనూ తీసుకుపోతుంది.

రొయ్యల హేచరీలో పనిచేసే అక్కకు ఎంత చెప్పినా తక్కువే. టబ్బులో మూడు వారాలు ఉంచాల్సిందేనని పట్టుబట్టింది ఆవిడే. క్లౌన్ ఫిష్‌కు ఎక్కువగా పట్టే బ్రూక్లినెల్లా అనే రోగం ఉంది. ఒంటి మీద పాలపొరలా జిగురు కడుతుంది, చర్మం పొరలుగా ఊడుతుంది, చేప పైకొచ్చి వేగంగా ఎగపోస్తుంది, రెండు మూడు రోజుల్లో అయిపోతుంది. తెల్లమచ్చల జబ్బు వేరు. అందులో రవ్వ గింజల్లాంటి చుక్కలు విడివిడిగా కనబడతాయి, కొంచెం గడువిస్తుంది. బ్రూక్లినెల్లా గడువివ్వదు కాబట్టి మందు ముందే తెచ్చిపెట్టుకోవాలన్నారు. 37 శాతం ఫార్మలిన్, 4 లీటర్ల నీటికి 1 మిల్లీలీటరు, విడి బకెట్లో 30 నుంచి 45 నిమిషాలు, గాలి బుడగలు వదిలే ఎయిర్ స్టోన్ జోరుగా ఆడుతుండగా. ఫార్మలిన్ నీటిలో ఆక్సిజన్‌ను తినేస్తుంది కాబట్టి గాలి తగ్గితే మందే చంపుతుంది. సీసా అడుగున తెల్లటి పిండిలా కనబడితే ఆ సీసా పారెయ్యాలి, అది ఇంకా విషం. చేతికి గ్లౌజులు, గదిలో కిటికీలు తెరిచి ఉండాలి. సీసా తెచ్చి ఇచ్చారు, మూత తీసే అవసరం రాలేదు.

“రాత్రి చేప పక్కకు ఒరిగి పైన తేలుతోంది, పోయిందా?” అని పక్కింటి పిల్లలు కంగారుపడితే సర్దిచెప్పింది కూడా అక్కే. ఈ చేప అలాగే నిద్రపోతుంది. ఒక మూల నీటి పైభాగంలో ఒరిగి ఊగుతూ ఉంటుంది. ఈదేటప్పుడు కూడా తోక కంటే ఒళ్లే ఎక్కువ ఊపుతుంది. చూసే కొత్తవాళ్లకు జబ్బులా కనబడుతుంది. లైటు వేసి, వలతో కదిపి చూడడమే అసలు హాని. మొదటి రోజు లైటు వెయ్యలేదు, మేత పెట్టలేదు. రెండు రోజులు తినకపోయినా కంగారు అక్కర్లేదు. నాలుగో రోజు కూడా ముట్టకపోతే అప్పుడు నీళ్లు పరీక్షించాలి.

మేత సంగతిలో చేపల బజారు పిన్నికి రుణపడ్డాం. మందు కలిపిన ఐసు తగలని పచ్చిరొయ్యలు వేరుగా తీసి ఉంచేది. పొట్టు, నల్ల నరం తీసి, వారంపాటు ఫ్రీజర్‌లో గట్టిపరిచి, ఆవగింజంత ముక్కలుగా తరిగి, ఆర్వో నీటిలో కడిగి పెట్టాం. కడగకపోతే ఆ రసం నీటిలో కలిసి టబ్బులో అమ్మోనియా ఎక్కుతుంది. రెండు నిమిషాల్లో తిన్నంతే, మిగిలింది గొట్టంతో లాగెయ్యాలి. రొయ్య ఒక్కటే పెడితే సరిపోదు, అలవాటు పడ్డాక గుళికల మేతకు మళ్లించాలి.

జంటలో పెద్దది చిన్నదాన్ని తరిమితే చిన్నది ఒళ్లంతా వణికిస్తుంది. అది మూర్ఛ కాదు, లొంగుబాటు. ఇవన్నీ మగవిగానే ఎదుగుతాయి, పెద్దరికం దక్కినది ఆడదవుతుంది. వణుకు కనబడితే ఒప్పందం కుదిరినట్టే. చిన్నదాన్ని మేత దగ్గరికే రానివ్వకపోతే మాత్రం పెద్దదాన్ని చిల్లుల డబ్బాలో మూడు నాలుగు రోజులు పెట్టాలి. మూడో చేపను తేవడం మాత్రం వద్దు, పీక్కుచస్తాయి.

ఎలక్ట్రీషియన్ అన్న రెండు పనులు చేశాడు. తీగలన్నీ ప్లగ్గు కంటే కిందికి వేలాడి మళ్లీ పైకెక్కేలా కట్టాడు, కారిన ఉప్పునీరు తీగ వెంట ప్లగ్గులోకి పోకుండా. హీటరును ఇన్వర్టరు నుంచి తప్పించి ఎయిర్ పంపు, నీళ్లు తిప్పే పంపు మాత్రమే దానికి కలిపాడు. మన దగ్గర కరెంటు పోతే నీళ్లు చల్లబడి చేప చావదు, గాలి లేక చస్తుంది. 2018లో తిత్లీ పలాస దగ్గర తీరం దాటాక ఎన్ని ఊళ్లు ఎన్నాళ్లు చీకట్లో ఉన్నాయో గుర్తున్నవాళ్లకు బ్యాటరీ పంపు ఒకటి అదనంగా ఉంచుకోమని వేరే చెప్పాలా? వేసవిలో ఫ్యాను గాలి నీటి మీదికి తిప్పితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. ఆవిరైపోయిన మేరకు ఉప్పు కలపని ఆర్వో నీళ్లే పొయ్యాలి, ఉప్పునీళ్లు కాదు. ఉప్పు ఆవిరవదు కాబట్టి ఉప్పునీళ్లు పోస్తే రోజురోజుకూ గాఢత పెరిగిపోతుంది. ట్యాంకు మీద సన్న జల్లెడ వల మూతగా బిగించడం మరవకండి, ఈ చేప ఎగురుతుంది.

బాక్టీరియా పట్టిన స్పాంజి ముక్కలు, సరిచూసిన 35 పిపిటి నీళ్లు మా దగ్గర మిగిలి ఉన్నాయి. శ్రీకాకుళం, ఆమదాలవలస, నరసన్నపేట వైపు కొత్తగా ట్యాంకు పెట్టేవాళ్లు ఉచితంగా తీసుకెళ్లొచ్చు. స్పాంజిని ట్యాంకు నీటిలోనే తడిగా, మూత వదులుగా ఉన్న డబ్బాలో తీసుకెళ్లాలి. కుళాయి కింద కడిగారంటే క్లోరిన్‌కు బాక్టీరియా పోయి, వట్టి స్పాంజి మిగులుతుంది.