మడమ అరిగితే బూటు పారేయమంటున్నారు

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన నెల మా విజయవాడలో ఒక పెద్ద చెప్పుల షోరూముకి నా తోలు బూట్లు పట్టుకెళ్లాను, మడమ అరిగింది, కొత్త రబ్బరు వేసిపెడతారేమో అని. కౌంటరు దగ్గర కుర్రాడు బూటు తిప్పి కూడా చూడలేదు. "రిపేర్లు చేయం సార్, అరిగితే కొత్తవి తీసుకోవడమే, ఆఫర్ కూడా నడుస్తోంది" అన్నాడు. ఆ అబ్బాయి తప్పేం లేదు, వాళ్లకు అలా చెప్పమనే చెప్పి ఉంటారు. కానీ ఆటోనగర్ ఉన్న ఊరు మనది, లారీని నట్టుకు నట్టు విప్పేసి మళ్లీ రోడ్డెక్కించే ఊరు, అలాంటి చోట బూటు కింద పావంగుళం రబ్బరు మార్పించుకోవడానికి నేను పది రోజులు తిరగాల్సి వచ్చింది. అందుకే ఈ ఉత్తరం.

ఆ బూట్లు 2017లో కొన్నవి. నాన్నను వైద్యానికి రాయవెల్లూరు తీసుకెళ్లినప్పుడు, ఆయనకు కాస్త నెమ్మదించాక, ఇద్దరం ఆంబూరు దాకా వెళ్లి కొన్నాం. తోలు బూట్ల తయారీకి ఆంబూరు పేరున్న ఊరు, అక్కడి సరుకు విదేశాలకు కూడా పోతుంది. అంత డబ్బు బూట్ల మీద పెట్టాలా అని నేను వెనకాడుతుంటే నాన్నే "కుట్టు చూడరా, ఇది అంటించింది కాదు, పదేళ్లు వస్తాయి" అని కొనిపించారు. ఆయన ఇప్పుడు లేరు. బూట్లు ఉన్నాయి, పై తోలు మీద ఒక్క పగులు కూడా రాలేదు. అలాంటివాటిని పారేయమంటే ఎలా పారేస్తాను చెప్పండి?

ఈ రకం బూట్లకు అంచు చుట్టూ ఒక తోలు పట్టీ ఉంటుంది. పై తోలును ఆ పట్టీకి కుడతారు, సోలును కూడా ఆ పట్టీకే కుడతారు. గుడ్‌ఇయర్ వెల్ట్ అంటారు దీన్ని. సోలు అరిగినప్పుడు కింది కుట్టు విప్పి కొత్త సోలు కుట్టుకోవచ్చు, పై భాగాన్ని ముట్టుకోనక్కర్లేదు. మడమ సంగతి ఇంకా తేలిక. మందపాటి తోలు పొరలు ఒకదాని మీద ఒకటి పేర్చి, అన్నిటికన్నా కింద ఒక రబ్బరు ముక్క పెట్టి, సొల్యూషన్‌తో అంటించి మేకులు కొడతారు. అరగడానికే పెట్టిన ముక్క అది. మనలో చాలామందికి నడిచేటప్పుడు మడమ వెనక భాగంలో బయటి మూల ముందు నేలకు తగులుతుంది కాబట్టి అక్కడే ఏటవాలుగా అరుగుతుంది. నాది కుడి బూటు ఎక్కువ అరిగింది. రబ్బరు మిగిలి ఉన్నంతకాలం పైనున్న తోలు పొరలకు ఢోకా లేదు. రబ్బరు అయిపోయి తోలు నేలకు తగిలిందా, అది కూడా అరిగిపోతుంది, వానాకాలంలో నీళ్లు పీల్చుకుని పొరలు ఊడిపోతాయి, చిన్న పని కాస్తా పెద్దదవుతుంది. రేపు చూద్దాం ఎల్లుండి చూద్దాం అనుకుంటూ నేను సరిగ్గా అంతదాకా తెచ్చుకున్నాను.

షోరూములో కాదన్నాక ఇంకో చోట, కొత్తగా పెట్టిన రిపేరు షాపులో ఇచ్చాను. అద్దాల తలుపులు, కంప్యూటర్ బిల్లు, 350 రూపాయలు. వాళ్లు పాత రబ్బరు తీయలేదు, అరిగిన మూలను సమానం చేయలేదు, ఆ వాలు మీదే కొత్త రబ్బరు పెట్టి సందులో సొల్యూషన్ నింపేశారు. పైగా మేకులు పొడుగువి కొట్టారేమో, రెండో రోజుకే మడమ కింద గుచ్చుకోవడం మొదలైంది. వారం తిరక్కుండా బస్టాండు మెట్ల మీద ఆ రబ్బరు ఊడి చేతికొచ్చింది. తిరిగి వెళ్లి అడిగితే మీ బూట్లే పాతవన్నారు.

చివరికి పని చేసింది ఏలూరు రోడ్డులో చెట్టు కింద కూర్చునే ఒక పెద్దాయన. ఆయన ఎలా చేశారో వివరంగా రాస్తాను, ఎందుకంటే డబ్బులిచ్చేవాళ్లకు మంచి పని అంటే ఏమిటో తెలియాలి.

ముందు బూటు లోపల చెయ్యి పెట్టి మేకులు ఎక్కడ తేలాయో తడిమి చూశారు. పట్టకారుతో అన్నీ లాగేశారు. అరిగిన తోలు పొర ఒకటి పూర్తిగా ఊడదీసి, కింద గట్టి తోలు కనిపించేదాకా గీకి, నేల మీద పెడితే ఊగకుండా నిలిచేలా చదును చేశారు. కొత్త తోలు ముక్క కోసి, అంటుకునే వైపు రెండూ గరుకు చేశారు, నున్నగా ఉంటే సొల్యూషన్ పట్టదట. సొల్యూషన్ రెండు ముక్కలకీ రాసి వెంటనే అతికించలేదు. వేలు పెడితే అంటుకోనంత ఆరేదాకా, పది పదిహేను నిమిషాలు పక్కన పెట్టి, అప్పుడు నొక్కి సుత్తితో గట్టిగా కొట్టారు. దాని మీద రబ్బరు, దానికి పొట్టి మేకులు, అంచుకు కాస్త లోపలగా, వరసగా. తర్వాత కత్తితో అంచు చెక్కి, గరుకు కాగితం పెట్టి రుద్ది, నల్ల రంగు, మైనం. ఎడమ బూటుకి అంత అవసరం లేదు కదా అంటే "ఒక కాలు ఎత్తు, ఒక కాలు పల్లం అయితే నడుం పట్టుకుంటుంది బాబూ" అని రెండిటికీ ఒకే ఎత్తు వచ్చేలా చేశారు. గంటన్నర పట్టింది. 300 అడిగారు. నేను కూర్చున్నంతసేపట్లో ముగ్గురు వచ్చి ఇరవై రూపాయల కుట్టుకి కూడా బేరమాడారు, అందులో ఇద్దరు ఆయన్ని "నువ్వు" అనే పిలిచారు, ఆయన వయసు మా నాన్న వయసు ఉంటుంది. అద్దాల షాపులో అడిగినంత ఇచ్చి వచ్చిన నాకు అది చూసి సిగ్గేసింది.

పాఠకులకు ఒక మాట. నెలకోసారి బూట్లు బల్ల మీద పెట్టి వెనక నుంచి చూడండి. రబ్బరు రెండు మూడు మిల్లీమీటర్లకు వచ్చిందంటే అప్పుడే మార్పించేయండి, రబ్బరొక్కటే కాబట్టి తక్కువలో అయిపోతుంది. వెనకటిలా ఇనుప లాడాలు కొట్టించుకుంటే అరుగుదల తగ్గుతుంది గానీ ఇప్పుడు ఎక్కడ చూసినా గ్రానైటూ టైల్సే, జారిపడతారు, రబ్బరే మంచిది. తడిసిన బూట్లను ఎండలో పెట్టకండి, తోలు ఎండిపోయి పగులుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు సింగ్ నగర్‌ను ముంచినప్పుడు మా ఇంట్లో కూడా ఈ బూట్లు మూడు రోజులు నీళ్లలోనే ఉన్నాయి. లోపల పాత పేపర్లు కుక్కి, తడిసినప్పుడల్లా మారుస్తూ, ఫ్యాను గాలికి నీడలో ఆరబెట్టాను, పూర్తిగా ఆరాక పాలిష్ పెట్టాను, కుట్టు ఒక్కటీ తెగలేదు. అయితే అన్ని బూట్లకూ ఇది కుదరదు. తేలిగ్గా ఉండే పీయూ (పాలీయూరిథేన్ అనే ఒక రకం ప్లాస్టిక్) సోళ్లు వాడకుండా ఏళ్లపాటు అట్టపెట్టెలో దాచినా గాలిలో తేమకే లోపల్లోపల దెబ్బతిని పొడిపొడిగా రాలిపోతాయి, అలాంటివాటికి మడమ వేయించడం డబ్బు దండగ. కొనేటప్పుడే కుట్టు ఉందో లేదో చూసుకోవాలి.

ఇక అసలు విషయం. నాకు పది రోజులు ఎందుకు పట్టిందంటే ఆ పెద్దాయన పాత చోట లేరు. కాలువ పనులని ఒకసారి, ఫుట్‌పాత్ పనులని ఒకసారి, ఏడాదిలో మూడు చోట్లు మారారట. పాత గిరాకీలో సగం మందికి ఆయన ఎక్కడున్నారో తెలియదు. ఇనుప దిమ్మ, ఆరె, సుత్తి, తోలు ముక్కల సంచీ, ఇదే ఆయన షాపు, దీన్ని రోజూ మోసుకెళ్లి మోసుకొస్తున్నారు. 2014లో వచ్చిన వీధి వ్యాపారుల చట్టం బండ్ల మీద పళ్లూ బట్టలూ అమ్మేవాళ్లకే కాదు, రోడ్డు మీద జనానికి సేవ చేసి బతికేవాళ్లకూ వర్తిస్తుంది. సర్వే చేసి గుర్తించాలి, సర్టిఫికెట్ ఇవ్వాలి, ఊళ్లో వీధి వ్యాపారాల వ్యవహారాలు చూసే టౌన్ వెండింగ్ కమిటీలో 40 శాతం తగ్గకుండా వీధి వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి అని అందులో ఉంది. ఆయన చేతిలో ఏ కాగితమూ లేదు. అలాగే 2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో చెప్పులు కుట్టే పని కూడా ఉంది, పనిముట్లకు 15 వేల సాయం, మొదటి విడత లక్ష దాకా 5 శాతం వడ్డీకి అప్పు. నేను చెప్పేదాకా ఆయనకు ఆ పేరే తెలియదు.

కార్పొరేషన్ వాళ్లను నేను అడిగేది ఇదే. వీధి వ్యాపారులను లెక్కించేటప్పుడు చెట్ల కింద కూర్చునే చెప్పులు కుట్టేవాళ్లను వదిలేయకండి, బస్టాండు దగ్గరా రైల్వే స్టేషన్ దగ్గరా గవర్నరుపేటలోనూ నాలుగడుగుల చోటు, పైన రేకు, ఫలానా వాళ్లదని ఒక బోర్డు ఇప్పించండి. సంపాదకులు గారూ, మీ విజయవాడ పేజీలో ఏ పేటలో ఎవరు మంచి పని చేస్తారో వారానికొకరి గురించి నాలుగు వాక్యాలు వేసినా మాలాంటివాళ్లకు తిరుగుడు తప్పుతుంది, వాళ్లకు గిరాకీ పెరుగుతుంది. వానలు మొదలయ్యేలోపు ఆ చోటేదో తేలితే పెద్దాయన నాలుగోసారి సంచీ ఎత్తుకోనక్కర్లేదు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
అజిత్‌సింగ్ నగర్, విజయవాడ