శాలువా వద్దు, లీవు మిగల్చండి

సంపాదకులకు నమస్కారం.

మొన్న జనవరి 26న మా ఊరి హైస్కూల్లో జెండా ఎగరేశాక నన్నూ మా ఆవిడనూ స్టేజీ మీదకు పిలిచి శాలువా కప్పారు. మా పెద్దోడు ఆర్మీలో చేరి పదకొండేళ్లయింది, ఇప్పుడు నాయక్ ర్యాంకులో ఉన్నాడు. వీర జవానును కన్న తల్లిదండ్రులని మైకులో పొగుడుతుంటే మా ఆవిడ కళ్లు తుడుచుకుంది. దిగి కుర్చీలో కూర్చున్నానో లేదో, ఆ శాలువా కప్పిన పెద్దమనిషే నా చెవి దగ్గరికి వంగి, "బావా, ఈసారి మనోడు వచ్చేటప్పుడు క్యాంటీన్ రమ్ము రెండు తెమ్మని చెప్పు, మర్చిపోబాక" అన్నాడు.

ఆయన్ని తప్పుపట్టే అర్హత నాకు లేదు. 1999లో కార్గిల్ యుద్ధం జరుగుతున్నప్పుడు పొగాకు వేలం దగ్గరకు చందా డబ్బా పట్టుకొస్తే రెండొందలు వేసినవాణ్ణి నేను. అదే ఏడు చలికాలంలో మా వీధి కుర్రాడు లీవు మీద వస్తే, బస్సు దిగిన సాయంత్రమే వెళ్లి నేనడిగిందీ రమ్మే. వాడు ఎక్కడ పనిచేసి వచ్చాడో, ఏం చూసి వచ్చాడో అడగాలని తోచనేలేదు.

మావాడు మందు ముట్టడు. అయినా తన కోటాలో వచ్చిన సీసాలు బట్టల్లో చుట్టి తెచ్చేవాడు, ఊళ్లో వాళ్లను కాదనలేక. జమ్మూ నుంచి ఒంగోలుకు అండమాన్ ఎక్స్‌ప్రెస్‌లో రెండు రోజులు. దారిలో ఎవరు బ్యాగు విప్పమంటారో అని టెన్షన్. ఒకసారి సీసా పగిలి, కూతురికి కొన్న స్వెట్టరు తడిసిపోయింది. మూడుసార్లు ఉతికినా ఆ వాసన వదల్లేదు. ఆ పిల్ల దాన్ని వేసుకోనంది. మర్నాడు వచ్చిన వాళ్లేమో "ఒక్కటేనా తెచ్చింది?" అన్నారు.

అసలు నేను రాయాలనుకుంది లీవు గురించి. ఏడాదికి 60 రోజుల యాన్యువల్ లీవు, 30 రోజుల క్యాజువల్ లీవు అని చెబితే "మూడు నెలలా, నయమే" అంటారు (వేసవి సెలవులు పూర్తిగా అనుభవించే మాస్టర్లు కూడా). అది ముక్కలు ముక్కలుగా వస్తుంది, యూనిట్ వదిలినప్పుడు వస్తుంది. 2025 మే నెలలో వచ్చిన ఆరో రోజే ఫోన్ వస్తే వాడు అన్నం తింటున్నవాడు లేచి బట్టలు సర్దుకున్నాడు.

కిందటిసారి 28 రోజులు దొరికాయి. వాడి పేరున రెండెకరాలుంది. భూముల రీసర్వేలో పాత సర్వే నంబరు పోయి ఎల్పీఎం (ల్యాండ్ పార్శిల్ మ్యాప్, అంటే ఆ చెక్కకు కొత్తగా గీసిన పటం) నంబరు వచ్చింది, అదీ పక్క రైతుతో కలిపి జాయింట్ ఎల్పీఎం. పద్దెనిమిది సెంట్లు తగ్గింది. సరిచేయాలంటే పట్టాదారే స్వయంగా రావాలన్నారు. వచ్చాడుగా! ఆ 28 రోజుల్లో పదకొండుసార్లు రెవెన్యూ ఆఫీసుకు తిరిగాం. ఒకరోజు సర్వేయరు లేడు, ఒకరోజు సర్వర్ లేదు, ఒకరోజు ఏదీ లేదన్న సంగతి చెప్పేవాళ్లూ లేరు. "సార్, నేను శుక్రవారం వెళ్లిపోవాలి" అని వాడు నిలబడి చెబుతుంటే సీట్లో ఉన్నాయన తలెత్తకుండా "మళ్లీ లీవులో వచ్చినప్పుడు చూద్దాం లేమ్మా" అన్నాడు. తర్వాత వాళ్ల కమాండింగ్ ఆఫీసర్ జిల్లా అధికారులకు ఉత్తరం రాశారు. దాన్ని ఫైల్లో పెట్టారు. ఫైలు అక్కడే ఉంది.

కోర్టుల్లోనైతే సైనికుల కోసం 1925 నాటి చట్టం ఒకటుందని మా లాయరు చెప్పాడు. యుద్ధ విధుల్లాంటి ప్రత్యేక పరిస్థితుల్లో ఉన్న జవాను సివిల్ కేసుకు రాలేకపోతే, అతను లేకుండా తేల్చెయ్యకుండా వాయిదా వేయమంటుందట. తెల్లదొరల కాలంలోనే తోచిన సంగతి మన కౌంటర్ల దాకా ఇంకా రాలేదు.

అదే 2025 మేలో సత్యసాయి జిల్లా కుర్రాడు, అగ్నివీర్ మురళీ నాయక్ కశ్మీర్ సరిహద్దులో ప్రాణాలు విడిచినప్పుడు మా సెంటర్లోనూ కొవ్వొత్తులు పట్టారు. నేనూ వెళ్లాను. ముందు వరసలో ఉన్నాయన్ని చూసి మా ఆవిడ నా మోచెయ్యి గిల్లింది. మావాడికి పెళ్లి కాకముందు సంబంధం మాట్లాడటానికి వెళ్తే "బార్డర్లో ఉద్యోగమా, మా పిల్లను ఇవ్వలేం అన్నయ్యా" అని కాఫీ కూడా ఇవ్వకుండా పంపించినాయన ఆయనే. ఆడపిల్ల తండ్రి భయం నాకు అర్థమవుతుంది. కాఫీ ఇవ్వకపోవడమే అర్థం కాలేదు.

ఇప్పటికీ మా ఊరి కుర్రాళ్లు తెల్లారగట్ల హైవే పక్కన పరుగులు తీస్తున్నారు, 1.6 కిలోమీటర్లు అయిదున్నర నిమిషాల్లో కొట్టాలని. అగ్నివీర్‌లుగా చేరితే నాలుగేళ్లయ్యాక నూటికి ఇరవై అయిదు మందినే ఉంచుకుంటారని వాళ్లకు తెలుసు. మిగతావాళ్లు పాతికేళ్ల వయసుకు అటూ ఇటుగా, సేవానిధి అని చివర్లో ఒకేసారి ఇచ్చే డబ్బుతో ఇంటికొస్తారు. అప్పుడు వాళ్లను ఏ షాపింగ్ మాల్ గేటు దగ్గర నిలబెడదామా అని కాక, పనికొచ్చే ఉద్యోగమేదైనా చూపించగలమా అని ఊళ్లో ఒక్కరూ అనగా నేను వినలేదు.

నా విన్నపం చిన్నది. లీవు సర్టిఫికెట్ చూపించిన జవాను పని ఆ లీవు అయ్యేలోపు తేల్చాలని, కుదరకపోతే కుదరదని మొదటి రోజే కాగితం మీద రాసివ్వాలని ఆఫీసులకు పైనుంచి ఒక సర్క్యులర్ రావాలి. శాలువా ఖర్చు కూడా కాదు దానికి.

మావాడు వచ్చే నెల పదో తేదీన వస్తున్నాడు, ఇరవై రోజులే. ఈసారి సీసాలు తేవద్దని ఫోన్లో గట్టిగా చెప్పాను. పెద్దమనిషి బావకు కూడా ముందే చెప్పేశాను. శాలువా వెనక్కి అడుగుతాడేమో చూడాలి.

ఇట్లు,
ఒక జవాను తండ్రి, పొగాకు రైతు,
టంగుటూరు మండలం, ప్రకాశం జిల్లా.