మంత్రి గారూ, మా తాత డిశ్చార్జి బుక్ ఉప్పెనలో పోయిందండి

మంత్రి గారికి నమస్కారం.

మాది దివిసీమ. మొదటి ప్రపంచ యుద్ధానికి 90 మందిని, రెండో దానికి 1,000 మందికి పైగా పంపిన మిలిటరీ మాధవరం ముందు మా ఊరి పదకొండు మంది ఏపాటి లెండి. మాకు మాత్రం వాళ్లే ఎక్కువ. పంచాయతీ ఆఫీసు ముందు వాళ్ల పేర్లతో ఒక రాయి పెట్టుకుంటాం, అనుమతి ఇవ్వండి అని మూడేళ్లలో నాలుగు అర్జీలు పెట్టాం. రాయి ఖర్చు మాదే అని కూడా రాశాం.

ప్రతిసారీ ఒకటే మాట, "డిశ్చార్జి బుక్ ఒరిజినల్ తెండి". సైన్యం నుంచి వచ్చేసేటప్పుడు ఇచ్చే సర్వీసు పుస్తకం అది. అయ్యా, 1977 నవంబరు 19న మా దగ్గర మనుషులే కొట్టుకుపోయారు, ట్రంకుపెట్టెలో కాగితాలు ఎక్కడ మిగులుతాయి? రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా పోరుకి మా తాతకిచ్చిన పతకం, బర్మా స్టార్, మాత్రం నెల తర్వాత పెరట్లో బురద ఎత్తుతుంటే దొరికింది. ఆరు మూలల నక్షత్రం, రిబ్బను లేదు, ఒక మూల వంగిపోయింది, వెనక నంబరూ పేరూ ఇంగ్లీషులో చెక్కి ఉన్నాయి, గోటితో తడిమితే ఇప్పటికీ తెలుస్తాయి. దాన్ని రుమాల్లో చుట్టి తీసుకెళ్తే గుమాస్తా గారు అటూ ఇటూ తిప్పి "ఇది ప్రూఫ్ కాదండీ, ఇలాంటివి బజార్లో కూడా అమ్ముతారు" అన్నారు. ఆ నంబరు వేసి సైన్యం రికార్డ్స్ ఆఫీసుకి ఒక్క ఉత్తరం రాస్తే తేలిపోయే విషయం. రాయరు. ఎందుకు రాయరో అడిగితే "పై నుంచి ఆర్డర్ రావాలి" అంటారు. పైన ఉన్నది మీరే కదండీ?

ఇక పన్నెండో పేరు మా పెద్దమ్మమ్మది. ఆవిడ మిలిటరీ ఆసుపత్రిలో నర్సు. 1944లో ఇంఫాల్ వైపు నుంచి గాయపడ్డవాళ్లు వస్తుంటే తెల్లవార్లూ కట్లు విప్పడం, మళ్లీ కట్టడమేనట. ముసలితనంలో కూడా అయోడిన్ వాసన తగిలితే లేచి అరుగు మీదకి వెళ్లిపోయేది, మేం చిన్నపిల్లలం, నవ్వేవాళ్లం. ఆవిడ పేరు చూసి మీ వాళ్లు "ఆమె సైన్యం కాదుగా" అని పెన్సిల్‌తో కొట్టేశారు! మిలిటరీ నర్సింగ్ సర్వీస్ 1926 నుంచీ ఉంది సార్. వందేళ్ల కబురు మీ ఆఫీసుకి ఇంకా చేరలేదేమో.

ఆగస్టు 15న మైకులో జోహార్లు మాత్రం గట్టిగానే వినిపిస్తాయి.

దయచేసి ఆ ఉత్తరం ఒక్కటి రాయించండి. పన్నెండు పేర్లూ ఒకే రాయి మీద ఉండనివ్వండి, ఆవిడ పేరు చివర్న వేసినా సరే. ఆ పెన్సిల్ గీత మాత్రం చెరిపించండి. నాలుగు అర్జీల రసీదులూ జత చేస్తున్నాను, ఐదో రసీదు మాకొద్దు.