హోఫా సినిమాలో కార్మికుల డబ్బు ఎక్కడ?

సంపాదకులకు నమస్కారం.

నిజజీవిత నేరగాథల సినిమాల మీద మీ ఆదివారం పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. అందులో అమెరికా లారీ కార్మిక నాయకుడు జిమ్మీ హోఫా గురించి రాసింది రెండు ముక్కలే: మాఫియాతో చేతులు కలిపాడు, ఆ తర్వాత మాయమయ్యాడు. రెండూ కాదనలేనివే. అయితే 1992 నాటి ‘హోఫా’ సినిమాలోని ముగింపును జరిగిన సంగతిగా రాసేయడం నన్ను బాధించింది.

జాక్ నికల్సన్ హోఫాగా నటించిన ఆ చిత్రానికి దర్శకుడు డానీ డివిటో. హోఫాను నీడలా అంటిపెట్టుకుని ఉండే మిత్రుడి వేషం కూడా ఆయనే వేశారు. కథంతా ఆ మిత్రుడి జ్ఞాపకాలుగా నడుస్తుంది. కానీ అలాంటి మనిషి ఒకడు లేడు, అది కల్పిత పాత్ర. చివర్లో ఇద్దరినీ కాల్చి చంపి, కారుతో సహా లారీలోకి ఎక్కించి తీసుకుపోవడమూ కల్పనే. అసలు తెలిసింది చాలా తక్కువ. 1975 జూలై 30 మధ్యాహ్నం డెట్రాయిట్ శివారులోని ఒక రెస్టారెంటు దగ్గర ఎవరినో కలవడానికి వెళ్లిన హోఫా, రావలసినవాళ్లు రాలేదని భార్యకు ఫోను చేశాడు. ఆ తర్వాత మనిషి జాడ లేదు. 1982లో చట్టప్రకారం మరణించినట్టు ప్రకటించారు. శవం నేటికీ దొరకలేదు. 2019లో వచ్చిన ‘ది ఐరిష్‌మ్యాన్’లో ఇదే హోఫాను వేరే చోట, వేరే మనిషి చంపుతాడు. ఒక్క మనిషికి రెండు సినిమాల్లో రెండు చావులు! పాఠకుడు దేన్ని నమ్మాలి?

నాకు అంతకన్నా పట్టింపు ఉన్న సంగతి మరొకటి ఉంది. విజయవాడలో ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో 26 ఏళ్లు గుమాస్తాగా పనిచేశాను. లోడు రాకపోతే ముఠా కార్మికులు గోనెసంచులు పరుచుకుని అర్ధరాత్రి దాకా గోడౌను అరుగు మీదే పడి ఉండేవాళ్లు. లారీ వస్తే కూలి, రాకపోతే ఆ రాత్రికి టీ నీళ్లే. 1931లో హోఫా డెట్రాయిట్‌లో క్రోగర్ కంపెనీ గోడౌనులో ఇలాగే పనిచేశాడు. గంటకు 32 సెంట్లు, అదీ సరుకు దించిన గంటలకే. ఖాళీగా కూర్చోబెట్టిన గంటలకు పైసా లేదు. ఒక రాత్రి స్ట్రాబెర్రీ పండ్ల లోడు రాగానే అందరూ కలిసి పని ఆపేశారు. పండు కుళ్లిపోతుందన్న భయంతో యాజమాన్యం మాటలకు దిగింది. అప్పటికి హోఫాకు ఇంకా 20 ఏళ్లు నిండలేదు. ఎదురుచూసిన గంటకు కూలి అడగడమంటే ఏమిటో ఆ అరుగు మీద పడుకున్నవాళ్లకే తెలుస్తుంది.

ఆ కుర్రవాడే 1957లో టీమ్‌స్టర్స్ అనే లారీ కార్మికుల జాతీయ సంఘానికి అధ్యక్షుడయ్యాడు. 1964లో దేశమంతటా నాలుగు లక్షల మందికి పైగా లారీ కార్మికులకు వర్తించే ఒకే వేతన ఒప్పందం సాధించాడు. అదే ఏడాది జ్యూరీని ప్రలోభపెట్టిన కేసులోనూ, పెన్షన్ నిధి మోసం కేసులోనూ శిక్షలు పడ్డాయి, మొత్తం 13 ఏళ్లు. 1967లో జైలుకు వెళ్లాడు. 1971 డిసెంబరులో అధ్యక్షుడు నిక్సన్ శిక్ష తగ్గించడంతో బయటికొచ్చాడు. ఇక్కడ నేను హోఫాను వెనకేసుకురావడం లేదు. డ్రైవర్లు ముసలితనం కోసం దాచుకున్న సొమ్మును లాస్ వెగాస్ జూదశాలలకు అప్పులిచ్చిన నాయకుడిని క్షమించడం నావల్ల కాదు. కార్మికుల డబ్బు తాకట్టు పెడితే సంఘం తాకట్టు పడ్డట్టే. ‘హోఫా’ సినిమాలో పెన్షన్ నిధి మాట వస్తుంది గానీ పెద్దమనుషుల బేరంలాగే వచ్చిపోతుంది. ఆ డబ్బు ఎవరిదో ఆ ముఖాలు నాకు కనిపించలేదు.

ఆ ముఖాలకు ఇప్పటికీ కథ ఉంది. హోఫా కాలంలోనే మొదలైన, సెంట్రల్ స్టేట్స్ అనే పేరున్న ఆ లారీ కార్మికుల పెన్షన్ నిధి తర్వాతి దశాబ్దాల్లో దివాలా అంచుకు చేరింది. 1980లో లారీ రవాణాపై నియంత్రణలు సడలించాక ఎన్నో కంపెనీలు మూతపడి చందా కట్టేవాళ్లు తగ్గిపోవడం అందుకు పెద్ద కారణం. కాబట్టి నేరమంతా మాఫియా ఖాతాలో వేసేయడమూ తప్పే. 2022 డిసెంబరులో అమెరికా ప్రభుత్వం సుమారు 3,600 కోట్ల డాలర్లు ఇచ్చి మూడున్నర లక్షల మంది పెన్షన్లలో కోత పడకుండా ఆపింది. సంఘం సంగతి చెప్పాలంటే, మాఫియా పట్టు వదిలించడానికి 1989లో ప్రభుత్వంతో కోర్టులో కుదిరిన ఒప్పందం తర్వాత, 1991లో తొలిసారి సభ్యులే నేరుగా ఓటేసి జాతీయ అధ్యక్షుణ్ని ఎన్నుకున్నారు. హోఫా శవం కోసం తవ్వకాలు జరిగినప్పుడల్లా ఫొటోలతో సహా వార్త వేసే పత్రికలు ఈ సంగతులకు పక్క కాలమ్‌లోనైనా చోటివ్వరాదా?

నాది ఒక విన్నపం. నిజమనిషి మీద తీసిన సినిమా గురించి రాసినప్పుడల్లా ఏ పాత్ర కల్పితం, ఏ ఘటనకు ఆధారం ఉంది, ఏది దర్శకుడి ఊహ అన్నది వ్యాసం పక్కనే చిన్న పెట్టెలో వేయండి. ‘హోఫా’ విషయంలో ఆ సవరణను వచ్చే ఆదివారమే ప్రచురించగలరు.

ఇట్లు,
ఒక విశ్రాంత ట్రాన్స్‌పోర్టు గుమాస్తా,
విజయవాడ